వర్ణన నేర్చుకుందాం – 4వ పాఠం: మోటు, మొరటు, ముతక

నాజూకును చెప్పే మాటలు కిందటి పాఠంతో అయిపోయాయి. ఇప్పుడు వాటికి ఎదురు పక్షం. ఇక్కడ మాటలకు కొదవ లేదు. ఒకటి పడాల్సిన చోట ఇంకొకటి పడటమే తంటా.

విశేషణం పక్కన ఏ మాట ఒదుగుతుందో ముందు చూడండి. గరుకు చేతికి తగలాలి: గరుకు గోడ, గరుకు అరచేయి. గొంతుకూ చెల్లుతుంది. ముతక బట్టకు, అక్కణ్ణుంచి హాస్యానికి, సామెతకు వెళ్లింది; ‘ముతక మనిషి’ అంటే మాత్రం చెవికి ఆనదు. మొరటులో బలప్రయోగం ఉంది: మొరటుగా చెయ్యి పట్టి లాగాడు. మోటులో అంత దెబ్బ లేదు, నునుపు తక్కువ, అంతే. మోటు మనిషి మంచివాడే కావచ్చు. నాటు ప్రతిసారీ తిట్టు కాదు: నాటు పడవ, నాటు వైద్యం.

మాటతీరుకు వేరే మాటలున్నాయి. ‘ఇలాగే తాగితే ఏడాది కూడా బతకవు’ అని డాక్టరు అంటే అది కటువు. ‘చెప్పింది చెయ్, ఎదురు ప్రశ్నలొద్దు’ అంటే దురుసు. ‘ఏమో, నన్నడిగితే?’ అని మొహం తిప్పుకుంటే పెడసరం. దానికి గొంతు పెంచక్కర్లేదు.

అసలు పట్టు క్రియల్లో ఉంది. తిన్నాడు–మెక్కాడు, వచ్చాడు–తగలడ్డాడు, అన్నాడు–కూశాడు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ‘అతను మెక్కుతున్నాడు’ అని కథకుడే రాస్తే, తినేవాడి మోటుతనం కన్నా కథకుడి ఈసడింపే ముందు బయటపడుతుంది. ఆ ఈసడింపు మీకు కావాలనుకుంటే సరే. లేకపోతే ఆ క్రియను ఒక పాత్ర నోట పెట్టండి. ‘పల్లెటూరి బైతు’ కూడా అంతే: అది అన్నవాడి గురించే ఎక్కువ చెబుతుంది.

రూపం దగ్గర తేడాలు చిన్నవి. రేగిన జుట్టుకు గాలి చాలు, చింపిరి జుట్టుకు రోజుల నిర్లక్ష్యం కావాలి. గడ్డం పెరగడం వేరు, మాయడం వేరు. మాసిన గడ్డానికి దురుసు మాట జతచేస్తే పాత సినిమా రౌడీ తయారవుతాడు. మాసిన గడ్డంవాడి చేత ‘కూర్చోండి’ అనిపించి చూడండి, మనిషి కనిపిస్తాడు.

అభ్యాసం: ‘అతను చాలా మొరటువాడు’ అన్న వాక్యాన్ని విశేషణం లేకుండా రాయాలి. ఒక చేష్ట, ఒక మాట, ఒక చప్పుడు చాలు. మచ్చుకు:

తలుపు దబదబా బాదాడు. తీసిన ముసలాయన్ని భుజంతో తోసుకుని లోపలికొచ్చాడు. ‘ఆ కాగితాలు ఇటు పడెయ్’ అన్నాడు.

ఇందులో ‘బాదాడు’ తీసి ‘తట్టాడు’ పెట్టండి, ‘పడెయ్’ తీసి ‘ఇవ్వు’ పెట్టండి. మొరటుతనంలో ఎంత మిగిలిందో, అది ఏ మాటలో మిగిలిందో గుర్తించి రాసుకోండి. 5వ పాఠం ఆ మాటతోనే మొదలవుతుంది.