షాంఘై వెళ్తున్నారా? ముందు ఫోన్ సంగతి చూసుకోండి

632 మీటర్ల షాంఘై టవర్ కింద నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. కానీ ఆ నగరంలో పండ్ల బండి నుంచి మెట్రో దాకా అన్నీ ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ మీదే నడుస్తాయి. అందుకే ఇక్కడుండగానే అలీపే అనే చెల్లింపుల యాప్ ఫోన్‌లో వేసుకుని, పాస్‌పోర్ట్ వివరాలిచ్చి, మీ క్రెడిట్ కార్డు జతచేయండి. కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఓటీపీ రావాలి కదా, మన నంబరుకు రోమింగ్ కూడా తప్పనిసరి. ఇంకో లాభం, అక్కడి వైఫైలో తెరుచుకోని గూగుల్, వాట్సాప్ మన సిమ్ రోమింగ్‌లో మామూలుగా పనిచేస్తాయి. హోటల్ పేరు, అడ్రసు చైనీస్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, టాక్సీలో చూపిస్తే చాలు. అన్నట్టు, రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడండి. కరెంటు స్కూటర్లు చప్పుడు లేకుండా మీదికొచ్చేస్తాయి!