నాలుగు వేల సామానుకి నాలుగున్నర వేల టేక్సు

మా ఇల్లు విజయనగరం గంటస్తంభానికి రెండు వీధుల అవతల. బడిలో చెప్పేది ఫిజిక్సు, ఇంటికొచ్చాక చేసేది పాత వాచీలు విప్పి మళ్లీ బిగించడం. ఈ పిచ్చి వల్ల ఇంగ్లండు నుంచీ జపాన్ నుంచీ చిన్న చిన్న సామాన్లు తెప్పించుకోవడం అలవాటైంది. దాంతో మా వీధిలో ఎవరి పార్శిల్ కస్టమ్స్‌లో ఇరుక్కున్నా "మాష్టారూ, ఓసారి చూడండి" అంటూ ఫోను పట్టుకుని వచ్చేస్తారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా మొదటి దెబ్బ. 2022లో ఇంగ్లండులో ఒక దుకాణం నుంచి వాచీ స్క్రూడ్రైవర్ల సెట్టు కొన్నాను. రూపాయల్లో 4,000. కొరియర్‌కి ఇంకో 1,500. బేరం కుదిరిందనుకున్నాను. పది రోజులకి కొరియర్ కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఒక కాగితం చూపించాడు. కట్టాల్సింది 4,452 రూపాయలు. మా ఆవిడ పోపుల డబ్బాలోంచి డబ్బు తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. పక్కింటాయన మాత్రం ఊరుకోలేదు: "ఏటి మాష్టారూ, నాలుగు వేలకి నాలుగున్నర వేలు టేక్సా?"

ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. అందులో మోసం ఏమీ లేదు, నాకు లెక్క తెలియకపోవడమే ఉంది.

కస్టమ్స్ వాళ్లు పన్ను వేసేది వస్తువు ధర ఒక్కదాని మీద కాదు. ధర, రవాణా, ఇన్సూరెన్స్ మూడూ కలిపి ఒక విలువ కడతారు. విమానంలో వచ్చిన సరుకైతే రవాణా ఖర్చు ఎంతైనా సరే, వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని నియమం ఉంది. అందుకే నేను 1,500 ఇచ్చినా వాళ్లు కలిపింది 800. ఇన్సూరెన్స్ ఎంతో తెలియనప్పుడు ధరలో 1.125 శాతం వేస్తారు, అది 45. మొత్తం 4,845. దాని మీద బేసిక్ సుంకం అప్పట్లో 35 శాతం. ఆ సుంకం మీద పదో వంతు సంక్షేమ సర్‌చార్జి. ఇవన్నీ కలిపిన మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ, 28 శాతం. పన్ను మీద పన్ను పడి చివరికి 77.28 శాతం తేలింది, అంటే 3,744 రూపాయలు. మిగతా 708 కొరియర్ కంపెనీది. మన తరఫున ముందు తమ డబ్బు కట్టినందుకు రుసుము 600, దాని మీద జీఎస్టీ 108.

ఇప్పుడు రేట్లు అంత ఘోరంగా లేవు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు, సొంత వాడకానికి తెప్పించుకునే సరుకు మీద ఐజీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. అప్పటి 35 నుంచి ఈలోగా 20కి దిగిన బేసిక్ సుంకాన్ని ఇంకా 10 శాతానికి తగ్గిస్తున్నట్టు 2026 బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ 10, 18 వేసుకుని అదే సెట్టుకి లెక్క కట్టండి. సుంకం 484.50, సర్‌చార్జి 48.45, ఈ రెండూ కలిపితే విలువ 5,377.95, దాని మీద ఐజీఎస్టీ 968. మొత్తం సుమారు 1,501. గుర్తు పెట్టుకోవడానికి నేను చెప్పేది, వందకి 31. పుస్తకాలకి ఈ లెక్క వద్దు. ముద్రించిన పుస్తకాలకి 2019 బడ్జెట్ నుంచి బేసిక్ 5 శాతం, ఐజీఎస్టీ లేదు.

మీరు కొనేది మీ వాడకానికే అయితేనే ఇదంతా. ఒకే రకం వాచీలు ఇరవై తెప్పించి సొంతానికంటే ఎవరూ నమ్మరు. అమ్మకానికైతే దిగుమతి కోడ్ తీసుకోవాలి, అది వేరే దారి.

డబ్బు కట్టే ముందు నేను చూసే మొదటి సంగతి, పార్శిల్ తెచ్చేది పోస్టా, కొరియరా అని. చవక సామానుకి సుంకం కన్నా కొరియర్ రుసుమే బరువు. మూడొందల రబ్బరు రింగు కోసం ఏడొందలు కట్టడం నా చేతుల మీదుగానే జరిగింది. కొరియర్ వాళ్లు వారంలో తెస్తారు, ఆధార్ లాంటి కేవైసీ కాగితం అడుగుతారు, అది ఇవ్వకపోతే పార్శిల్ కదలదు. పోస్టులో నెల పట్టినా పడుతుంది. అందులో వచ్చే సుంకాన్ని పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి వసూలు చేస్తాడు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కట్టాల్సిన సుంకం మొత్తం 100 రూపాయలు దాటకపోతే అసలు వసూలు చేయరు, చట్టంలోనే ఉంది. వందకి 31 లెక్కన చూస్తే 320 రూపాయల లోపు విలువకి అది వర్తిస్తుంది. చిన్న గాస్కెట్లు, అంటే వాచీలోకి నీళ్లు చేరకుండా వేసే రబ్బరు రింగులు, నేను అందుకే ఒక్కొక్కటిగా, పోస్టులోనే తెప్పిస్తాను.

రిజిస్టర్డ్ పోస్టు ట్రాకింగ్ నంబరు పదమూడు అక్షరాలుంటుంది. చివరి రెండూ పంపిన దేశం గుర్తు, జపాన్ అయితే జేపీ. ఆ నంబరు ఇండియా పోస్ట్ సైట్లో కూడా పనిచేస్తుంది. కస్టమ్స్ దగ్గర ఉందని చూపించి పది రోజులు కదలకపోయినా టెన్షన్ పడకండి. నావి అలా ఆగి వచ్చినవే ఎక్కువ.

రవాణా గురించి మా మేనకోడలి కథ చెప్పాలి. చీపురుపల్లిలో ఉంటుంది, కొరియా పాటల ఆల్బం కావాలంది. "మావయ్యా, కిలోంబావే కదా, షిప్పింగ్ అంతెందుకు?" అని అడిగింది. పెట్టె కొలతలు చూశాను. 40, 30, 20 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5,000తో భాగిస్తే 4.8. అట్ట పెట్టె పెద్దది, లోపల గాలి ఎక్కువ. కొరియర్ వాళ్లు తూకం బరువు, ఈ కొలత బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. అంటే కిలోంబావు సరుకుకి 4.8 కిలోల ఛార్జీ. పోస్టర్ గొట్టం లేకుండా చిన్న పెట్టెలో పంపమని దుకాణానికి రాయించాను, ఛార్జీ సగానికి పైగా తగ్గింది. పోస్టర్ లేదని మేనకోడలు వారం మాట్లాడలేదు.

కొన్ని సైట్లు పన్నులన్నీ ముందే కట్టించుకుంటాయి. అలాంటప్పుడు ఇంటి దగ్గర ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. డెలివరీలో మళ్లీ అడిగితే ఆ రసీదు చూపించండి. మనం వెనక్కి రాబట్టుకోగలిగింది కూడా ఒకటుంది. ఇంగ్లండు దుకాణాల ధరల్లో వాళ్ల వ్యాట్ 20 శాతం కలిసి ఉంటుంది. ఇండియా చిరునామా ఇవ్వగానే చాలా దుకాణాలు దాన్ని తీసేస్తాయి, 60 పౌండ్లు 50 అవుతుంది. తీయకపోతే మెయిల్ పెట్టి అడగండి. నేను అడిగినప్పుడల్లా కాకపోయినా, రెండుసార్లు తగ్గించారు.

కార్డుతో కట్టేటప్పుడు సైటు "రూపాయల్లో కడతారా, పౌండ్లలో కడతారా" అని అడుగుతుంది. పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల ఇష్టం వచ్చిన మారకం రేటు వేస్తారు. మన బ్యాంకు విదేశీ లావాదేవీ ఛార్జీ ఎలాగూ ఉంటుంది, చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేసి ఉందో లేదో బ్యాంకు యాప్‌లో ముందే చూసుకోండి, పని అయ్యాక ఆపేయండి.

"గిఫ్ట్ అని రాయించెయ్యండి మాష్టారూ" అని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరు ఉంటారు. ఆ సలహా పాతబడి చాలా కాలమైంది. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా తెప్పించడం కుదరదు. ప్రాణం కాపాడే మందులకీ, రాఖీలకీ మాత్రమే మినహాయింపు. ధర తగ్గించి రాయించడం కూడా వద్దు. దొరికితే జరిమానా, దారిలో పోతే రాసిన ఆ తక్కువ ధరే చేతికొస్తుంది. కొన్ని సరుకులు డబ్బు కట్టినా రావు. డ్రోన్లు 2022 నుంచి నిషేధం. విత్తనాలకి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, ఉద్దానంలో మా బంధువు ఒకాయన జపాన్ పుచ్చ గింజల మీద ఆశ అక్కడితో వదులుకున్నాడు.

పార్శిల్ ఆగింది, ఈ లింకు నొక్కి పాతిక రూపాయలు కట్టండి అని మెసేజ్ వస్తే చెరిపేయండి. మీ పేరున మత్తుమందుల పెట్టె పట్టుబడిందని వీడియో కాల్ చేసేవాడు కస్టమ్స్ ఆఫీసరు కాడు, ఫోను పెట్టేయండి.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, స్టిక్కర్లు కనబడేలా. మా చిన్నాన్న పలాస నుంచి దుబాయ్ వెళ్లి తెచ్చిన సీకో ఫైవ్ వాచీ ఉంది నా దగ్గర. దానికి గాజు జపాన్ నుంచి తెప్పించాను. పోస్ట్‌మ్యాన్‌కి ఐదొందల చిల్లర సుంకం కట్టి విప్పితే అంచున వెంట్రుకంత బీట. వీడియో పంపాను. దుకాణం వాళ్లు పేచీ లేకుండా ఇంకోటి ఉచితంగా పంపారు, పెట్టె మీద మాత్రం నిజమైన విలువే రాశారు. మనకి ఉచితమైనా కస్టమ్స్‌కి అది సరుకే. మూడు వారాల తర్వాత అదే పోస్ట్‌మ్యాన్, అదే రకం చీటీతో గేటు దగ్గర. "మళ్లీ ఏటి మాష్టారూ ఇది?" అన్నాడు. ఈసారి డబ్బు నా జేబులోంచే తీశాను, పోపుల డబ్బా దాకా పోనివ్వలేదు.