వెదురు బొగ్గు మెత్తని పొడి – 3వ పాఠం: మిల్లు వేగం

కిందటి పాఠంలో బొగ్గును రోట్లో దంచి, కందిపప్పు కంటే చిన్న ముక్కలుగా జల్లించి పెట్టుకున్నాం. ఇప్పుడు వాటిని బాల్ మిల్లులో, అంటే లోపల గోళీలు వేసి గుండ్రంగా తిప్పే జాడీలో, మెత్తగా నూరుతాం. ముందు వాటిని 105 డిగ్రీల దగ్గర బాగా ఆరబెట్టండి. బొగ్గు గాలిలోని తేమను ఊరికే లాగేస్తుంది. చెమ్మ ఉంటే పొడి జాడీ గోడకు అంటుకుపోయి గోళీలకు అందదు.

స్టీలు గోళీలు బరువు కాబట్టి త్వరగా నూరుతాయి. కానీ అరిగిన ఇనుము పొడిలో కలుస్తుంది, పైగా వెదురులో ఉండే సిలికా ఆ అరుగుదలను పెంచుతుంది. ఖర్చు ఎక్కువైనా నా ఓటు అల్యూమినా (గట్టి పింగాణీ లాంటి పదార్థం) గోళీలకే. జాడీలో సగం దాకా గోళీలు పోసి, సందులు నిండి పైన పల్చగా కప్పేంత బొగ్గు వేయండి.

ఇక అసలు సంగతి వేగం. ఎంత జోరుగా తిప్పితే అంత మెత్తగా వస్తుందనుకుంటారు చాలామంది. ఒక హద్దు దాటితే గోళీలు గోడకు అతుక్కుని జాడీతోపాటే తిరుగుతాయి; ఏదీ కింద పడదు, ఏదీ నలగదు. ఆ హద్దే క్రిటికల్ స్పీడ్. జాడీ లోపలి వ్యాసంలోంచి గోళీ వ్యాసం తీసేసి (రెండూ మీటర్లలో), వచ్చినదానికి వర్గమూలం కట్టి, దానితో 42.3ను భాగించండి. 20 సెం.మీ. జాడీ, 2 సెం.మీ. గోళీలైతే: 0.18 వర్గమూలం 0.424; హద్దు నిమిషానికి దాదాపు 100 చుట్లు. అందులో 65 నుంచి 75 శాతం చాలు, అంటే సుమారు 70 చుట్లు.

లెక్క కుదిరిందో లేదో చెవి చెబుతుంది. గోళీలు ఎడతెగకుండా దొర్లుతున్న గలగల వినిపించాలి. గరగరమని రాసుకుంటున్న చప్పుడైతే గోళీలు జారుతున్నాయి, వేగం పెంచండి. చప్పుడు ఉన్నట్టుండి అణిగిపోతే హద్దు దాటేశారు, తగ్గించండి.

మిల్లు ఆపగానే మూత తీయొద్దు. దుమ్ము అణిగి, జాడీ చల్లారాలి. గాల్లో లేచిన బొగ్గు పొడికి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. దగ్గర్లో దీపం, పొయ్యి వద్దు, ముక్కుకు మాస్కు తప్పదు.

గంటకోసారి చెంచాడు పొడి తీసి 200 మెష్ జల్లెడలో వేయండి. దాని కన్ను 75 మైక్రాన్లు. పైన మిగిలే పలుకు ఒక్కో గంటకు తగ్గాలి. ఇంకా నూరుతుంటే ఒక దశలో సన్నని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండకడతాయి. అక్కడ పొడిగా నూరడం ఆపేయాలి. నీళ్లు పోసి నూరడం వచ్చే పాఠంలో.

అభ్యాసం: 15 సెం.మీ. జాడీ, 1.5 సెం.మీ. గోళీలు. 70 శాతం వేగం ఎంత?