బివీ సంచిలో పడుకోబోతున్నారా? మన్యం చలికి ముందు చూసుకోవలసినవి

వలిసె పూలు విరగబూసే రోజుల నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా విశాఖ మన్యానికి జనం బారులు తీరుతారు. వంజంగి కొండ మీద నిలబడి మేఘాల మీదుగా పొద్దు పొడవడం చూడాలని కొందరు వస్తారు, లంబసింగి మంచులో నడవాలని కొందరు వస్తారు. వారిలో డేరా జోలికి పోకుండా, వీపుసంచిలో ఒక చిన్న బివీ చుట్ట పెట్టుకుని బయలుదేరేవారు ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నారు. నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి ఇది. భుజాలకు బరువు ఉండదు. కర్రలు పాతే పని ఉండదు. కన్ను తెరిస్తే నేరుగా చుక్కలే. అయితే డేరాలో చెల్లిపోయే పొరపాట్లు బివీలో చెల్లవు. అందుకే చలి ముదరకముందే ఇదంతా రాస్తున్నాను.

కొత్తవారి కోసం ఒక మాట. బివీ అంటే దిండుకు గలీబులాంటిది. స్లీపింగ్ బ్యాగును అందులో దూర్చి, ఆ బ్యాగులో మనం దూరి పడుకుంటాం. పైన నీరు దిగని బట్ట, అడుగున ఇంకాస్త మందం బట్ట, ముఖం దగ్గర జిప్పు, మంచి రకాల్లో దోమతెర కూడా ఉంటాయి. ఒక్కరు పట్టే డేరా కిలో నుంచి రెండు కిలోల దాకా తూగితే, బివీలు చాలావరకు 300 నుంచి 900 గ్రాముల మధ్య ఉంటాయి. వెండిరంగులో మెరిసే పల్చటి అత్యవసర సంచులు ఇంకా తేలిక. కానీ అవి ఆపదలో ఒక రాత్రి ప్రాణం నిలుపుకోవడానికి పనికొస్తాయే తప్ప హాయిగా నిద్రపోవడానికి కాదు.

బివీ కొనేవారంతా వాన గురించే అడుగుతారు. మన్యం చలిలో నన్ను తడిపింది మాత్రం వాన కాదు. మొదటి ఏడాది పాడేరు దగ్గర ఒక కాఫీ తోట అంచున, తోటవారి అనుమతితో పడుకున్నాను. చలికి తట్టుకోలేక జిప్పు పూర్తిగా లాగేసి, తల కూడా లోపలే దాచుకున్నాను. తెల్లవారుజామున మూడు గంటలకు మోకాళ్ళ దగ్గర చల్లగా తగిలి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే సంచి లోపలి వైపంతా ఆవగింజలంత నీటిబొట్లు. వేలితో తాకగానే నాలుగు బొట్లు కలిసి గీతలా జారి మెడ మీద పడ్డాయి. స్లీపింగ్ బ్యాగు పైభాగం తడిసి అట్టకట్టింది. బయట ఒక్క చినుకు పడలేదు. ఆ నీరంతా నా ఊపిరిలోంచి, నా ఒంట్లోంచి వచ్చినదే.

మనకు తెలియకుండానే చర్మం నుంచి, శ్వాస నుంచి రోజుకు ముప్పావు లీటరుకు పైగా నీరు ఆవిరైపోతుంది. ఎనిమిది గంటల నిద్రలో అది పెద్ద గ్లాసుడు నీళ్ళు. గదిలో అయితే గాలిలో కలిసిపోతుంది. గట్టిగా మూసిన సంచిలో అదంతా చల్లటి బట్టకు తగిలి బొట్టు కడుతుంది. 1969లో అమెరికా ఇంజనీరు బాబ్ గోర్ టెఫ్లాన్ అనే ప్లాస్టిక్‌ను సాగదీసి సన్నటి రంధ్రాల పొరను తయారుచేశాక, నీటిబొట్టును ఆపి ఆవిరిని వదిలే బట్టలు వచ్చాయి. ఖరీదైన బివీలు అలాంటి బట్టతోనే చేస్తారు. కానీ లోపలి గాలిలో తేమ ఎక్కువగా, బయటి గాలిలో తక్కువగా ఉన్నప్పుడే ఆవిరి ఆ పొర దాటుతుంది. మన్యంలో డిసెంబరు తెల్లవారుజామున మంచు దిగితే బయటి గాలి కూడా తేమతో నిండిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన బట్ట అయినా ఆవిరిని సరిగా వదలలేదు. కాబట్టి ధర చూసి ధీమా పడకండి.

దీనికి మందు ఒక్కటే. ముక్కు, నోరు ఎప్పుడూ సంచి బయటే ఉండాలి. ముఖం చల్లబడుతుందనిపిస్తే మంకీ క్యాపు పెట్టుకోండి, మఫ్లరు చుట్టుకోండి. అంతేగాని ఊపిరి లోపల వదలకండి. చినుకులు పడితే పక్కకు ఒత్తిగిలి, జిప్పు ఉన్నవైపు గాలికి ఎదురుగా కాకుండా చూసుకుని, బెత్తెడు తెరిచి ఉంచండి. తల మీదుగా చిన్న టార్పాలిన్ ముక్క కట్టుకుంటే ఆ బెత్తెడు తెరవడానికి భయం ఉండదు. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు చాలు. బివీ ఒక్కటే చాలదా అని అడిగేవారికి నా జవాబు ఇదే: ఆ ముక్క లేకుండా నేను వెళ్ళను. ప్లాస్టిక్ అత్యవసర సంచిని ముఖం దాకా మూయడం చలి సంగతి అటుంచి ఊపిరికే ప్రమాదం. పిల్లలను అందులో పడుకోబెట్టవద్దు.

స్లీపింగ్ బ్యాగు బాతు ఈకలదైతే తడి తగిలిన చోట ఈక ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. మంచు ప్రాంతానికి కృత్రిమ పీచు నింపినదే మేలు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ గొర్రెల కాపరులు కప్పుకునే గొంగడిని గమనించండి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన ఆ ముతక దుప్పటిని కొప్పెర వేసుకుని మందతోపాటు వానలో నిలబడతారు. దాని నేత చిరుజల్లును ఆపుతుంది, ఆవిరిని వదులుతుంది, తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. కాకపోతే బరువు. ఆ కాపరుల నుంచి నేను నేర్చుకున్నది ఒంటికి తగిలే పొర ఉన్నిదై ఉండాలని. ఇప్పుడు ఒక జత ఉన్ని మేజోళ్ళు, ఒక పల్చటి ఉన్ని బనీను పడకకే కేటాయించి, నడకలో తొడగకుండా పొడిగా ఉంచుకుంటాను.

వెళ్ళేముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మాత్రం తప్పించుకోకండి. బివీని డాబా మీద పరిచి, లోపల పాత వార్తాపత్రికలు పెట్టి, కుట్ల మీద పది నిమిషాలు చెంబుతో నీళ్ళు పోయండి. ఏ కుట్టు కింద కాగితం తడిసిందో అక్కడే ఆ బట్ట పూతకు సరిపడే, కుట్లు మూసే జిగురు రాసి ఒక రోజు ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉండేవారు నీరు దిగకుండా లోపల వేసే పూతను కూడా చూసుకోవాలి. ఉక్కకు, తేమకు పాలీయురథేన్ పూత మెల్లగా పాడై, వేలికి అంటుకుంటుంది, పుల్లటి వాసన వేస్తుంది, పొరలుగా ఊడుతుంది. అలా అయిన సంచిని నమ్ముకుని కొండ ఎక్కవద్దు. తర్వాత ఆ డాబా మీదే ఒక రాత్రి అందులో పడుకుని చూడండి. కాళ్ళు చాపితే స్లీపింగ్ బ్యాగు చివర నలిగిపోతోందా, చీకట్లో జిప్పు చేతికి అందుతోందా, మూసిన సంచిలో మీకు గుండెదడ వస్తోందా అన్నది ఇంటి దగ్గరే తేలాలి. కొందరికి ఆ ఇరుకు సరిపడదు. అందులో తప్పేమీ లేదు, వారు డేరా తీసుకోవాలి.

ఇక పడక ఎక్కడ వేయాలన్నది. సంచి మంచిదైనా చోటు చెడ్డదైతే రాత్రంతా నరకమే. చల్లగాలి బరువు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి అది వాలు వెంబడి జారి లోయ అడుగున నిలిచిపోతుంది, మంచు కూడా అక్కడే చిక్కగా పేరుకుంటుంది. కొండ కొనమీదేమో గాలి కోసేస్తుంది. రెండింటికీ మధ్య, లోయ అడుగు నుంచి కొంచెం పైకి, గాలి తగలని వాలులో చదునైన జాగా వెతకండి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక అంకెలోకి దిగడం మామూలే. అడుగున నేల లాగేసే వేడి, పైన గాలి లాగేసే వేడి కన్నా ఎక్కువ. మందపాటి ఫోమ్ చాప లేకుండా బివీని వట్టి నేల మీద పరవవద్దు.

వాగు ఇసుక మెత్తగా పిలుస్తుంది. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. పైన ఎక్కడో వాన పడితే మీకు తెలియకుండానే గెడ్డలోకి నీరు వస్తుంది, అప్పటికి మీరు జిప్పు మూసిన సంచిలో ఉంటారు. అందులో ఎప్పుడూ పడుకోవద్దు. సిల్వర్ ఓక్ చెట్ల కింద మంచు తక్కువ పడుతుంది కానీ తెల్లవారుజామున ఆకుల నుంచి బొట్లు టపటపా రాలుతూనే ఉంటాయి. ఎండుకొమ్మలున్న చెట్టు కింద, పెద్ద తేనెపట్టు వేలాడే చెట్టు కింద అసలే వద్దు. పడక వేసేముందు తల ఎత్తి ఒకసారి టార్చి వేసి చూడండి.

చాలామంది తలచుకోని ప్రమాదం ఇంకొకటుంది, నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. సూర్యోదయం కోసం వచ్చేవారి జీపులు, మోటారు సైకిళ్ళు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే కొండదారి పడతాయి. మంచులో పది అడుగుల అవతల ఏముందో డ్రైవరుకు కనిపించదు. ముదురు ఆకుపచ్చ బివీలో నేలకు అంటుకుని పడుకున్న మనిషి చీకట్లో ఒక రాయిలాగే ఉంటాడు. చదునుగా ఉంది కదా అని బండ్లు ఆపే జాగాలో, దారి మలుపులో, రోడ్డు పక్కన పడుకోవద్దు. దారికీ మీకూ మధ్య పెద్ద బండరాయో, లావాటి చెట్టో, గట్టో ఉండాలి. పశువులు నడిచే బాటలకూ ఇదే వర్తిస్తుంది. సంచికి తలవైపు, కాళ్ళవైపు మెరిసే టేపు అతికించుకోండి.

నేల మీద పడుకునేవారిని కాటు వేసే పాముల్లో కట్లపాము ముఖ్యమైనది. చలికాలంలో పాముల సంచారం తగ్గుతుంది, ఆగిపోదు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, దాని కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండకపోవచ్చు. తెల్లవారాక కనురెప్పలు వాలిపోతున్నాయన్నా, కడుపునొప్పి వచ్చిందన్నా, మింగడం కష్టమైందన్నా కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకండి. 108కు ఫోన్ చేసి, మనిషిని కదలనివ్వకుండా, విషానికి విరుగుడు మందు ఉండే ఆస్పత్రికి చేర్చండి. కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, పసరు పోయడం వద్దు. దోమతెర జిప్పు పొద్దు వాలకముందే మూసేయాలి, సంచిలో దూరేముందు లోపల టార్చి వేసి చూడాలి. బూట్లను తలకిందులు చేసి దులిపాకే కాలు పెట్టాలి. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కొన్ని ప్లాస్టిక్‌లను, పూతలను కరిగిస్తుంది. కాబట్టి చేతులు తుడుచుకున్నాకే సంచిని ముట్టుకోండి.

బెల్లం, అరటిపండ్లు, పల్లీలు తలకింద పెట్టుకోవద్దు. ఎలుగుబంట్లు తిరిగే కొండలివి. తినుబండారాలన్నీ మూటకట్టి దూరంగా కొమ్మకు వేలాడదీయండి. పులుల అభయారణ్యాల్లో, నల్లమల లోపల, బివీ అయినా డేరా అయినా అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం, పైగా ప్రాణగండం. ఎక్కడైనా సరే అటవీశాఖవారిని, ఆ ఊరి పెద్దలను ముందే అడగండి. ఫోన్ సిగ్నల్ లేని చోట మీరు ఏ కొండ మీద ఉన్నారో తెలిసినవారు వారే అవుతారు.

చలిమంటకు గాలి వచ్చే వైపున, కనీసం పది అడుగుల దూరంలో పడుకోండి. ఒక్క నిప్పురవ్వ పడితే నైలాన్‌కు చిల్లు పడుతుంది. నిప్పుల కుంపటిని, గ్యాసు పొయ్యిని సంచి దగ్గరకు గానీ టార్పాలిన్ మూసి కట్టిన గూటిలోకి గానీ తీసుకురావద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి ఒక గుటక మందు వేస్తే వెచ్చగా ఉంటుందనే మాట ప్రమాదకరం. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది. తోటివారికి మాట తడబడినా, వేళ్ళు జిప్పు పట్టుకోలేకపోయినా వెంటనే పొడిబట్టలు మార్పించి, ఇంకొకరి పక్కన వెచ్చగా కూర్చోబెట్టి, స్పృహలో ఉంటే తియ్యటి వేడి టీ తాగించండి. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోతే అది తేరుకోవడం కాదు, ముదరడం. కిందికి దించి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12న. వాయుగుండం మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేయండి, బివీ తుపానుకు ఆగదు. పిడుగుకు అసలే ఆగదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. ఉరుము వినగానే పక్కా కప్పు కిందికో, మూసి ఉన్న కారులోకో వెళ్ళండి.

తెల్లవారాక మంచు విడిచే దాకా, అంటే తొమ్మిది దాటేదాకా, సంచి చుట్టకండి. లోపలి వైపు బయటికి తిప్పి ఎండ తగిలే బండ మీద పరచండి. రెండో రాత్రి ఉంటే ఈ గంట ఎండే మీ ప్రాణం. ఇంటికి చేరాక మెత్తటి సబ్బునీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, కుక్కకుండా వదులుగా వేలాడదీయండి.

ఆ తర్వాత మూడు వారాలు ఒంటిని గమనించుకోండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అందరికీ కనిపించదు కూడా. మలేరియా కూడా మన్యంలో ఉన్నదే. జ్వరం వస్తే ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఏ ఊరి కొండ మీద, ఎన్ని రోజుల కిందట, నేల మీద పడుకున్నారో చెప్పండి.