‘స్వార్దీ’ (swarthy) అన్న ఇంగ్లిష్ మాటని ఎలా అర్థం చేసుకోవాలి, ఎక్కడ వాడకూడదు

గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఈ మాట కనిపించగానే ‘నలుపు’ అని రాసేసుకుంటారు, అది సగమే సరైంది. ముందు పలకడం: చివర ‘తీ’ అనకండి, ‘దీ’ అనండి. అర్థం ముదురు మేనిఛాయ, అంటే మన చామనఛాయ మొదలుకుని నలుపు దాకా. పుట్టుక పాత ఇంగ్లిష్‌లో నలుపుకి ఉన్న మాట. జర్మన్ ‘ష్వార్ట్స్’ దానికి చుట్టమే. ఇప్పటి రూపం 16వ శతాబ్దం చివర్లో వచ్చింది.

అసలు జాగ్రత్త పడాల్సింది వాడకంలో. 1751లో అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, రష్యా, ఆఖరికి స్వీడన్ వాళ్లని కూడా ఈ మాటతోనే తెల్లవాళ్ల లెక్కలోంచి పక్కన పెట్టాడు! అంటే రంగు చెప్పే నెపంతో మనిషిని పరాయివాడిగా చూపించడానికి పనికొచ్చిన మాట ఇది. అందుకే చదివేటప్పుడు ఎవరు ఎవర్ని అంటున్నారో చూడండి, పాత కథల్లో విలన్‌కి ఇది తరచుగా తగులుతుంది. మీరు రాసేటప్పుడు, ముఖ్యంగా పెళ్లిసంబంధాల బయోడేటాలో, దీని జోలికి అస్సలు పోవద్దు. రంగు చెప్పక తప్పకపోతే ‘డార్క్ కాంప్లెక్షన్’ చాలు, నన్నడిగితే ఆ వివరమే రాయక్కర్లేదు.