జీవ ఇంధనాలు, వ్యర్థాల శక్తి: భారత్, స్వీడన్‌ల వినియోగాన్ని పోల్చే విధానం

ఒక దేశానికి కావలసిన మొత్తం శక్తిలో జీవ ఇంధనాలు, వ్యర్థాల వాటా ఎంతో తెలిపే అంకె ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ఇంధన సంస్థ పట్టికల్లో సులభంగానే దొరుకుతుంది. స్థూలంగా చూస్తే అది భారత్‌లో ఐదో వంతు, స్వీడన్‌లో నాలుగో వంతు లేదా అంతకు కొంత ఎక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి పోలిక అయిపోయిందనుకుంటే పెద్ద పొరపాటవుతుంది. భారత్‌లో ఈ వాటా తగ్గడానికి ఒక ముఖ్య కారణం వంటింట్లో కట్టెల వాడకం తగ్గడం. స్వీడన్‌లో ఇది పెరగడమంటే ఇళ్లను వెచ్చబరచడానికి చమురు కాల్చడం మానుకోవడం. రెండూ మంచి మార్పులే అయినా పట్టికలో ఒకటి కిందికీ, మరొకటి పైకీ కనిపిస్తాయి. అందువల్ల అంకెను విడదీయకుండా పోల్చకూడదు.

ముందుగా రెండు దేశాల అంకెలనూ ఒకే సంస్థ ప్రచురణ నుంచి, ఒకే సంవత్సరానికి తీసుకోండి. కొన్ని ప్రసిద్ధ వార్షిక నివేదికలు మార్కెట్లో కొనుగోలు, అమ్మకాలు జరిగే ఇంధనాలనే లెక్కిస్తాయి కాబట్టి, పొలం గట్టు మీద ఏరుకొచ్చిన పుల్లలు, ఇంట్లో చేసుకున్న పిడకలు వాటిలోకి రానే రావు. అలాంటి నివేదికలో భారత్ అంకె చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ పట్టికలో ఇవన్నీ ఉంటాయి. ప్రమాణాలను కూడా ఒకటిగా చేసుకోవాలి: ఒక టన్ను చమురుకు సమానమైన శక్తి 41.868 గిగాజౌళ్లు, ఒక గిగావాట్ అవర్ 3.6 టెరాజౌళ్లు.

తర్వాత ‘జీవ ఇంధనాలు, వ్యర్థాలు’ అనే ఒక్క గడిని దాని భాగాలుగా విడగొట్టాలి. ఘన జీవ ఇంధనాలు, ద్రవ జీవ ఇంధనాలు, బయోగ్యాస్, పారిశ్రామిక వ్యర్థాలు, మున్సిపల్ వ్యర్థాలు అన్నవి అందులోని పద్దులు. భారత్‌లో అధిక భాగం ఘన ఇంధనాలదే: వంటచెరకు, పిడకలు, పంట వ్యర్థాలు, చక్కెర మిల్లుల్లో బాయిలర్లకు వేసే చెరకు పిప్పి. స్వీడన్‌లోనూ ఘన ఇంధనాలదే పెద్ద వాటా. అయితే అక్కడ అవి కలప కోతలో మిగిలిన కొమ్మలు, రంపపు పొట్టు, కాగితపు గుజ్జు తయారీలో మిగిలే బ్లాక్ లిక్కర్. రాజమహేంద్రవరం కాగితపు మిల్లులో బాయిలర్లకు వెళ్లే బ్లాక్ లిక్కర్ కూడా ఇదే పద్దు కిందికి వస్తుంది. అంటే మన ఊళ్లో కట్టెల పొయ్యి, స్వీడన్ గుజ్జు మిల్లులోని భారీ బాయిలర్ పట్టికలో ఒకే వరుసలో ఉంటాయి.

ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. పట్టిక చూపేది పొయ్యిలోకి వెళ్లిన శక్తినే గాని గిన్నెకు చేరిన వేడిని కాదు. ఒక చిన్న లెక్క చేసి చూడండి. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌లో దాదాపు 650 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. గ్యాస్ స్టవ్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే వంటకు అందేది 390 మెగాజౌళ్లు. ఎండిన కట్టెలు కిలోకు సుమారు 15 మెగాజౌళ్లు ఇస్తాయి. పాత తరహా పొయ్యి సామర్థ్యం 12 శాతం అనుకుంటే కిలో కట్టెల నుంచి గిన్నెకు చేరేది 1.8 మెగాజౌళ్లే. కనుక అదే వంటకు దాదాపు 217 కిలోల కట్టెలు, అంటే 3,250 మెగాజౌళ్లు కావాలి. ఒక కుటుంబం కట్టెలు వదిలి గ్యాస్‌కు మారితే, వంట ఏమాత్రం తగ్గకుండానే, ఆ ఇంటి శక్తి వినియోగం లెక్కలో ఐదో వంతుకు పడిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్వచ్ఛమైన వంట ఇంధనం వాడే ఇళ్లు 2015-16లో 43.8 శాతం ఉండగా 2019-21లో 58.6 శాతానికి పెరిగాయి. 2016 మేలో ఉజ్వల పథకం మొదలయ్యాక వచ్చిన ఈ మార్పును పక్కన పెట్టుకోకుండా భారత్ వాటా ఎందుకు తగ్గుతోందో వివరించలేం. కట్టెలకు మీటరుగాని బిల్లుగాని లేదు కాబట్టి వాటి పరిమాణం గృహ సర్వేల ఆధారంగా వేసిన అంచనాయే అన్న సంగతినీ పోలికలో తప్పక రాయాలి.

తలసరి లెక్క కూడా వేసి చూడాలి. స్వీడన్ జనాభా కోటికి కొంచెం ఎక్కువ, భారత్ జనాభా 140 కోట్లు దాటింది. మొత్తం పరిమాణంలో భారత్ ఎన్నో రెట్లు ముందున్నా, తలసరి చూస్తే స్వీడన్ పౌరుడి వాటా భారతీయుడి వాటాకు అనేక రెట్లు ఉంటుంది. చలి దేశం కావడం, కాగితపు పరిశ్రమ పెద్దది కావడం దీనికి ప్రధాన కారణాలు.

శాతాన్ని వాడేటప్పుడు భాజకాన్ని, అంటే మొత్తం శక్తి సరఫరాను ఎలా లెక్కించారో చూడండి. అంతర్జాతీయ ఇంధన సంస్థ పద్ధతిలో అణు విద్యుత్తును, దాన్ని తయారుచేసిన వేడి రూపంలో, అంటే దాదాపు మూడు రెట్లుగా లెక్కిస్తారు. జలవిద్యుత్తును ఉన్నదున్నట్టు తీసుకుంటారు. అణు కేంద్రాలపై గణనీయంగా ఆధారపడే స్వీడన్‌లో ఈ కారణంగా మొత్తం ఉబ్బి, జీవ ఇంధనాల శాతం కొంత చిన్నదిగా కనిపిస్తుంది. మొత్తం సరఫరా బదులు తుది వినియోగం, అంటే చివరికి వాడకందారులకు చేరిన శక్తి, పట్టిక తీసుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. స్టాక్‌హోమ్ వంటి నగరాల్లో కలప ముక్కలు, చెత్త కాల్చి వేడి నీటిని గొట్టాల ద్వారా ఇళ్లకు పంపుతారు కాబట్టి ఆ ఇంధనం తుది పట్టికలో ‘వేడి’గా మారిపోతుంది. మన కట్టెలు మాత్రం కట్టెలుగానే మిగులుతాయి. ఈ రెండు దేశాల విషయంలో సరఫరా పట్టికే మేలని నా అభిప్రాయం.

వ్యర్థాల పద్దును విడిగా చూడాలి. మండే చెత్తను పూడ్చడాన్ని స్వీడన్ 2002లో, సేంద్రియ వ్యర్థాలను పూడ్చడాన్ని 2005లో నిషేధించింది. ఇతర దేశాల నుంచి తెచ్చుకున్న చెత్తను కూడా అక్కడ కాలుస్తారు, ఆ శక్తి స్వీడన్ ఖాతాలోనే పడుతుంది. చెత్తలోని ప్లాస్టిక్ పునరుత్పాదకం కాదు కనుక పట్టికలో ఆ భాగాన్ని వేరుగా చూపుతారు. దాన్ని జీవ ఇంధనంతో కలపకండి. మన చెత్తలో తడి ఎక్కువ కాబట్టి అది సరిగా మండదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, పునర్వినియోగానికి పనికిరాని వ్యర్థాల్లో కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపై శక్తి ఉన్నవాటిని శక్తి ఉత్పత్తికే వాడాలన్నాయి. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో చెత్త నుంచి విద్యుత్తు తయారవుతున్నా, దేశం మొత్తం మీద ఈ పద్దు కట్టెల ముందు చాలా చిన్నది.

ఇథనాల్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మెగాజౌళ్లు, పెట్రోల్‌లో 32 మెగాజౌళ్లు ఉంటాయి కాబట్టి, 20 శాతం కలిపిన పెట్రోల్‌లో ఇథనాల్ ఇచ్చే శక్తి 14 శాతమే.

చివరగా ఏదో ఒక సంవత్సరాన్ని కాక కనీసం పదేళ్ల వరుసను గీయండి. స్వీడన్ 2024 జనవరిలో డీజిల్‌కు సంబంధించిన ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని 30.5 శాతం నుంచి 6 శాతానికి దించింది. జీవ డీజిల్ కలపవలసిన అవసరం దానితో బాగా తగ్గింది కాబట్టి 2023, 2024 అంకెలను విడివిడిగా చూసినవారు వేర్వేరు నిర్ధారణలకు వస్తారు. పాత సంవత్సరాల అంకెలను కూడా సంస్థలు తర్వాత సవరిస్తుంటాయి గనుక, పట్టిక కింద ఏ ఏటి ప్రచురణ వాడారో, ఏ తేదీన తీసుకున్నారో రాసి పెట్టండి.