వాగు చదవాలంటే ముందు రాయి తిప్పండి

వాటర్‌షెడ్ సైంటిస్ట్‌గా, అంటే వాగునీ దానికి నీళ్ళొచ్చే నేలనీ చదివే పనిలో, కొత్తగా చేరినవాళ్ళు ముందు నీళ్ళు కొలిచే మీటర్ ఏది కొనాలి అని అడుగుతారు. మీటర్ సంగతి తర్వాతండీ, ముందు వాగులో దిగి ఒక రాయి తిప్పి చూడండి. సీసాలో పట్టిన నీళ్ళు ఆ నిమిషం కథే చెప్తాయి, రాత్రి పైన ఎవరో ఏదో వదిలితే తెల్లారేసరికి అది కొట్టుకుపోయి మీ సీసాలో అంతా బానే ఉన్నట్టు కనిపిస్తుంది. రాళ్ళ కింద పురుగులు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి వాగు పడ్డ కష్టమంతా వాటికి తెలుసు.

దిగేటప్పుడు కింది వైపు నుంచి మొదలుపెట్టి ప్రవాహానికి ఎదురు నడవండి, లేకపోతే మీరు రేపిన బురదే మీ శాంపిల్‌లోకి వస్తుంది. వేడర్స్ (నీళ్ళు చొరని, బూట్లతో కలిసిన పొడవాటి ప్యాంటు) వేసుకుంటే నడుముకి బెల్ట్ బిగించండి, జారిపడితే లోపలికి నీళ్ళు దూరకుండా అదే కాపాడుతుంది. వడి ఎక్కువుంటే మోకాలి లోతు కూడా మనిషిని పడేస్తుంది, డేటా ఎక్కడికీ పోదు, ఇంకో రోజు రండి.

రాళ్ళ మీద నీళ్ళు గలగలా పారే చోటుని రిఫిల్ అంటారు, పురుగులు ఎక్కువ రకాలు సాధారణంగా అక్కడే దొరుకుతాయి. 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) జాలీ ఉన్న నెట్‌ని అడుక్కి ఆనించి, నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దాని పైవైపు నిలబడి కాళ్ళతో రాళ్ళు కదపాలి. ఎంతసేపు, ఎంత మేర అన్నది ముందే అనుకుని ప్రతి చోటా అంతే చేయండి, ఒక చోట ఒక నిమిషం ఇంకో చోట మూడు నిమిషాలు తన్నితే రెండిటినీ పోల్చలేం.

నెట్‌లో పడ్డదాన్ని తెల్ల ట్రేలో పోసి కాసేపు ఊరికే చూడండి, కదిలేవి వాటంతటవే కనపడతాయి. పొట్ట పక్కల ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ, ఎక్కువగా మూడు తోకలతో ఉండేది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. రెండు తోకలుంటే స్టోన్‌ఫ్లై అనుకుంటారు గానీ కొన్ని మేఫ్లైలకీ రెండే ఉంటాయి, అందుకే లెన్స్ పెట్టి కాలి చివర చూడండి, ఒక గోరుంటే మేఫ్లై, రెండుంటే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులు అతికించుకుని గొట్టంలో కూర్చునేది క్యాడిస్‌ఫ్లై (అన్ని రకాలూ గొట్టాలు కట్టవు లెండి). ఈ మూడు గుంపుల్లో చాలావరకు కాలుష్యాన్ని తట్టుకోలేనివే. ఇవేవీ లేకుండా ఎర్రటి కైరోనామిడ్ (దోమలా కనిపించే, కుట్టని ఈగల పిల్లలు) పురుగులే కుప్పలుగా ఉన్నాయంటే అడుగున ఆక్సిజన్ తక్కువేమో అని అనుమానించాలి, వాటికి ఆ ఎరుపు హిమోగ్లోబిన్ వల్లే, తక్కువ ఆక్సిజన్‌లోనూ నెట్టుకొస్తాయి.

ఇప్పుడు మీటర్ తీయండి. ఆక్సిజన్ మధ్యాహ్నం ఒక్కసారి కొలిచి ఇంటికెళ్ళకండి, పగలు పాచి ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రంతా అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి, అందుకని తెల్లవారుజామున రీడింగే అసలు రీడింగ్. ఉష్ణోగ్రత కూడా రాయండి, నీళ్ళు 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 దగ్గర సుమారు 7.5. ఒడ్డున చెట్లు కొట్టేస్తే చేపలకి ఎందుకు ఊపిరాడదో సగం ఇక్కడే తెలుస్తుంది, నీడ పోయి నీళ్ళు వేడెక్కుతాయి కదా.

వాగు అడుగున రాళ్ళు ఎంతెంత సైజులో ఉన్నాయో తెలియడానికి 1954లో వోల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన గులకరాళ్ళ లెక్క చాలు. అడుగేస్తూ, కిందకి చూడకుండా బూటు కొసన చేతి వేలికి తగిలిన మొదటి రాయి తీసి, పొడవూ కాదు మందమూ కాదు, మధ్య కొలత రాయాలి, అలా కనీసం 100. చూసి ఏరితే చెయ్యి పెద్ద రాళ్ళ వైపే పోతుంది, నాకూ అదే అలవాటు. రాళ్ళ సందుల్లో సన్నటి మట్టి ఎంత కూరుకుందో కూడా రాసుకోండి, పురుగులు దాక్కునేదీ చాలా చేపలు గుడ్లు పెట్టేదీ ఆ సందుల్లోనే.

చివరగా లేబుల్. మొదట్లో నేను సీసాల బయట మార్కర్‌తో రాశాను, పురుగులు పాడవకుండా పోసిన ఆల్కహాల్ ఒలికి అక్షరాలన్నీ చెరిగిపోయాయి, మూడు సీసాలు ఏ చోటివో తెలీక పారేయాల్సొచ్చింది. మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో చోటు, తేదీ, ఎన్నో శాంపిల్ రాసి సీసా లోపలే వేయండి.